ఊక బూడిద, రంపపు పొట్టు: గోదావరి డెల్టాలో దుమ్ము వెనుక చరిత్ర

మండపేట, అనపర్తి, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లు బూడిద గురించి ఎవరిని కదిపినా ముందు కళ్ల మంట గురించే చెబుతారు. బండి మీద పోతుంటే కంట్లో పడిందని, ఆరేసిన బట్టలు పాడయ్యాయని అంటారు. ఈ ఫిర్యాదులన్నీ మిల్లు గోడకు బయట ఉన్నవాళ్లవి. గోడ లోపల బాయిలర్ కింద బూడిద లాగే మనిషి ఏం పీలుస్తున్నాడో ఎవరూ అడగరు. రేపు అతనికి ఊపిరితిత్తుల జబ్బు వస్తే "చుట్ట తాగుతాడుగా మరి" అని తేల్చేస్తారు. చుట్ట దోషం లేదని కాదు. దాని వెనకాల దుమ్ము తప్పించుకుపోతోంది. అన్ని దుమ్ములూ ఒకటి కావని, కొన్ని మాత్రం క్యాన్సర్ తెస్తాయని వైద్యానికి తెలిసి దశాబ్దాలైంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరి సీమ అయింది. వడ్లు దంచే రోకళ్ల స్థానంలో హల్లర్ మిల్లులు వచ్చాయి. వాటిలో ఊకా తవుడూ కలిసిపోయేవి. రబ్బరు రోలర్లు వచ్చాక ఊక విడిగా, శుభ్రంగా రావడం మొదలైంది. ఉప్పుడు బియ్యం మిల్లులకు ఆవిరి కావాలి, పక్కనే ఊక గుట్ట ఉంది. దాన్నే బాయిలర్‌లో వేశారు. లెక్కకు ఇది బ్రహ్మాండమైన ఏర్పాటు: వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఊక, ఊక కాలితే అందులో సుమారు ఐదో వంతు బూడిద. అంటే వంద బస్తాల వడ్లకు నాలుగు బస్తాల బరువున్న బూడిద. అందులో 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే. వరి మొక్క నేలలోంచి పీల్చి పైపొరలో దాచుకున్నది అది.

సిలికా అనగానే బెదిరిపోనక్కర్లేదు, అసలు మెలిక వేడి దగ్గర ఉంది. తక్కువ వేడిలో కాలిన ఊకలో సిలికా స్ఫటికం కట్టదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆ రకాన్ని క్యాన్సర్ కారకంగా తేల్చలేదు. పొయ్యి బాగా ఎర్రబడి ఎక్కువసేపు మండితే అదే సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారగలదు. పనిలో పీల్చే క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే సిలికా స్ఫటికం), క్రిస్టోబలైట్ రెండింటినీ ఆ సంస్థ 1997లో మనిషికి క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలో పెట్టింది. కాబట్టి రెండు మిల్లుల బూడిద చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల గుణం వేరు కావచ్చు. ఇక తవుడు దుమ్ము, వడ్ల నూగు దురద, ఆయాసం, ఉబ్బసం తెస్తాయి. వాటికి క్యాన్సర్ ముద్ర లేదు.

బూడిద లాగే పని ఇలా ఉంటుంది. పొడుగాటి ఇనుప పార, తలకు గుడ్డ, ముక్కుకు అడ్డంగా తువ్వాలు. నీళ్లు చల్లకుండా పొడిగా లాగితే పొగలా లేస్తుంది. కంటికి కనిపించే ఆ పొగ ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. ఊపిరితిత్తి అడుగుదాకా దిగేది నాలుగైదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువు. తువ్వాలు నేతలోంచి అది దర్జాగా దూరిపోతుంది. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణతో దుమ్ముకు హద్దులు వచ్చాయి. క్వార్ట్జ్‌కు ఎంత హద్దో క్రిస్టోబలైట్‌కు అందులో సగమే అని ఆ హద్దుల పట్టికలోనే ఉండేది. మిల్లు యజమానుల్లో ఈ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో మరి.

కలప దుమ్ము కథ ఇంగ్లండ్‌లో మొదలైంది. కుర్చీల తయారీకి పేరున్న హై వికమ్‌లో ఎస్మే హాడ్‌ఫీల్డ్ అనే ముక్కు, చెవి, గొంతు సర్జన్ దగ్గరికి 1960లలో అరుదైన ముక్కు క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో ఫర్నిచర్ పనివాళ్లే ఎక్కువగా కనిపించారు. ఆమె, ఆక్స్‌ఫర్డ్‌లోని మాక్‌బెత్, డోనాల్డ్ యాచిసన్ అనే వైద్యులు కలిసి లెక్కలు తీసి 1968లో ప్రచురించారు. మామూలు జనంలో వేళ్ల మీద లెక్కపెట్టే జబ్బు ఆ పనివాళ్లలో కొన్ని వందల రెట్లు ఎక్కువ. ఏడాది తిరిగేసరికి బ్రిటన్ దాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. 1995లో కలప దుమ్మును కూడా మొదటి వర్గంలో చేర్చారు. పనిలో చేరిన దాదాపు నలభై ఏళ్లకు బయటపడే జబ్బు ఇది. కాబట్టి రంపం పట్టినవాడు రంపం దించాక వస్తుంది.

మన దగ్గర ఏజెన్సీ నుంచి కలప తెప్పలుగా గోదాట్లో దిగి రాజమండ్రి అడితులకు చేరేది. కోరంగి, తాళ్లరేవు వైపు ఓడలు కట్టేవారు. ఆ రోజుల్లో పని ఆరుబయట, చెట్టు నీడన. బాడిత, ఉలి, చిత్రిక కింద రాలేది చెక్కపేళ్లు, పెద్ద పొట్టు. ఇప్పుడు అదే వడ్రంగి రేకుల షెడ్డులో కరెంటు రంపం, నున్నచేసే మిషను పెట్టుకున్నాడు. దుమ్ము పిండిలా సన్నబడి గాల్లోనే తేలుతోంది. ప్లైవుడ్ కోస్తే ఆ పిండితోపాటు జిగురులోని ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం కూడా వస్తుంది, అదీ మొదటి వర్గమే. హై వికమ్ సాక్ష్యం ప్రధానంగా ఓక్, బీచ్ చెక్కలది. అలాగని టేకుకు మినహాయింపేమీ ఇవ్వలేదు.

సిమెంటు రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్ నార క్యాన్సర్ తెస్తుందన్న సంగతి ముందే తేలిపోయింది. ఆ కార్మికుల ఆరోగ్య రికార్డు చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తుపాను తర్వాత పాత సిమెంటు రేకులు కోసి అమర్చే దినకూలీకి మాత్రం ఉంచడానికి రికార్డే ఉండదు.

చట్టం చిక్కు ఇక్కడే. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబర్‌లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో అది ఇరవై అయింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే వడ్రంగి షెడ్డు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మిల్లులో కళాసీలు మేస్త్రీ లెక్కలో ఉంటారు, మిల్లు లెక్కలో కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ వైద్యం ఖర్చు భరించి ఎందరినో నిలబెట్టింది, అది చిన్న సంగతి కాదు. కానీ జబ్బు ఏ పనిలో వచ్చిందన్నది ఆ పథకానికి అవసరం లేని ప్రశ్న. ఖర్చు సర్కారుదయ్యాక యజమాని పేరు ఎక్కడా రాదు.

పాత చట్టం 89వ సెక్షన్‌లో ఒక మాట ఉండేది: సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు), వృత్తి క్యాన్సర్ లాంటి జబ్బు అనుమానం వస్తే, రోగి ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసినవాడైనా సరే, వైద్యుడు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయాలి. రాయకపోతే జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉండేది. కొత్త కోడ్‌లోనూ వైద్యుడికి ఈ బాధ్యత ఉంది. కేస్ షీటులో వృత్తి అన్నచోట "కూలి" అని ఒక్క ముక్క రాస్తే వైద్యుడికి ఆ అనుమానం రావడం కష్టం. ఏ మిల్లు, బాయిలర్ దగ్గర ఎన్నేళ్లు, ఏ మిషను మీద ఎన్నేళ్లు అని మొదటి రోజే చెప్పి రాయించుకోవడం మేలు. తర్వాత పరిహారం అడగాలంటే చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం అదే.