కొత్త పాప్, హిప్-హాప్ సింగిల్స్ మీద అపోహలు - వాస్తవాలు: ఒక డీజే మాటల్లో

"ఈ కొత్త పాట ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. పొగరనుకుంటారు. నా మొదటి అభిప్రాయం మీద నాకే నమ్మకం లేదు, అదీ సంగతి. 2024 ఏప్రిల్‌లో పాప్ గాయని సబ్రీనా కార్పెంటర్ 'ఎస్ప్రెస్సో' వచ్చినప్పుడు ఇంట్లో ఒక్కసారి విని, ఇందులో ఏముందిలే అని పక్కన పడేశాను. నెల తర్వాత ఒకమ్మాయి వదలకుండా అడుగుతుంటే విసుక్కుంటూనే వేశాను. కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నవాళ్ల భుజాలు ముందు కదిలాయి, ఆ తర్వాత కాళ్లు. కోరస్ రెండోసారి వచ్చేసరికి కుర్చీలు ఖాళీ. అప్పట్నుంచి ఏ సింగిల్ (విడిగా విడుదలైన ఒక్క పాట) గురించైనా ఫ్లోర్ మీద, అంటే జనం ఆడే చోట, చూశాకే నోరు విప్పుతున్నాను. జనం మాత్రం చాలా ధీమాగా కొన్ని మాటలు అనేస్తుంటారు. వాటిలో నాకు ఎక్కువగా తగిలేవి ఇవి.

అపోహ: చార్టులో నంబర్ వన్ అయితే ఫ్లోర్ మీద కూడా నంబర్ వన్.

అమెరికాలో వారం వారం వచ్చే పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100 మూడు లెక్కలు కలుపుతుంది: స్ట్రీమింగ్, రేడియో, అమ్మకాలు. రాత్రి నిద్రపట్టక ఇయర్‌ఫోన్స్‌లో విన్నదీ, అంట్లు తోముకుంటూ విన్నదీ అన్నీ అందులోకి వస్తాయి. ఎవరి కాలైనా కదిలిందా అన్నది మాత్రం రాదు.

లేడీ గాగా, బ్రూనో మార్స్ కలిసి పాడిన 'డై విత్ ఎ స్మైల్' 2024 ఆగస్టులో వచ్చి, 2025 జనవరిలో ఆ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. పాట నాకు ఇష్టమే. చిక్కల్లా దాని నడకతోనే. అది 6/8లో ఉంటుంది, రాత్రంతా మేం వేసేవి దాదాపు అన్నీ 4/4. మన తాళం భాషలో చెప్పాలంటే, చతురశ్రంలో ఊగుతున్న ఒంటిని ఉన్నట్టుండి తిశ్రంలోకి లాగినట్టు. ఒకసారి అందరూ మంచి ఊపు మీద ఉండగా, అడిగారు కదా అని వేసేశాను. నాలుగైదు జంటలు దగ్గరకు జరిగాయి. మిగతావాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుని, మెల్లగా మంచినీళ్ల వైపు నడిచారు. వాళ్లను మళ్లీ రప్పించడానికి మూడు పాటలు పట్టింది. ఇప్పుడు దాన్ని ఆఖరి పాటగా దాచుకుంటాను, అక్కడైతే బంగారం. 'ఎస్ప్రెస్సో' అమెరికాలో 3వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. నా ఫ్లోర్ మీద ఈ రెంటికీ పోలికే లేదు.

అపోహ: బీట్ ఎంత స్పీడుగా ఉంటే అంత బాగా ఆడతారు.

ర్యాపర్ కెండ్రిక్ లమార్ 'నాట్ లైక్ అస్' నిమిషానికి దాదాపు 101 బీట్లు. ది వీకెండ్ 'బ్లైండింగ్ లైట్స్' 171. మొదటిది పడగానే హాలంతా గొంతు కలుపుతుంది, రెండోదానికి పరిగెత్తినట్టు ఎగురుతారు, ఎగిరి త్వరగా అలిసిపోతారు. పైగా 171 పక్కన పెట్టడానికి పాటలు దొరకడమే కష్టం. అప్పుడు దాన్ని సగం చేసి 85.5గా లెక్కేసుకుంటే ర్యాప్ పాటలు బోలెడు కలుస్తాయి.

హిప్-హాప్‌లో ఒక రకమైన ట్రాప్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ 140 అని చూపిస్తుంది, హై-హ్యాట్లు (చిన్న తాళాల్లాంటివి) చిటపటలాడుతుంటాయి, స్నేర్ డ్రమ్ మాత్రం 70 అన్నట్టుగా తీరిగ్గా పడుతుంది. అదే పాటకి ముందు వరసలో కుర్రాళ్లు 140కి గెంతుతారు, వెనక నిలబడ్డ పెద్దవాళ్లు 70కి తలూపుతారు. ఇద్దరిదీ కరెక్టే.

అపోహ: హిప్-హాప్ పని అయిపోయింది.

ఈ మాట 2025 అక్టోబర్ నుంచి మరీ ఎక్కువైంది. అక్టోబర్ 25 తేదీ హాట్ 100లో మొదటి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాట కూడా లేదు. 1990 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. వార్త నిజమే కానీ దాని వెనక కథ సగమే చెప్పారు. చాలాకాలంగా చార్టులో ఉండి కిందికి జారిన పాటల్ని త్వరగా తీసేసేలా అదే సమయంలో రూల్స్ మార్చారు. అంతకుముందు 13 వారాలు నంబర్ వన్‌గా ఉన్న కెండ్రిక్, గాయని సిజా కలిసి పాడిన 'లూథర్' ఆ రూల్ కిందే బయటికి పోయింది. పైన చూస్తే టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ పాటలన్నీ ఒక్కసారే వచ్చి కూర్చున్నాయి.

అయినా ఇప్పటి పాప్ సింగిల్స్‌లోంచి హిప్-హాప్‌ని తీసేస్తే ఏం మిగులుతుంది? 1980లో రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషిన్ బేస్, గబగబా కొట్టే హై-హ్యాట్లు, సగం మాట సగం పాటగా సాగే పల్లవులు, అన్నీ అక్కడివే. అద్దె ఇంట్లో ఉంటూ ఇంటాయన చచ్చిపోయాడన్నట్టుంది ఈ గోల.

ఒక ఫిర్యాదు మాత్రం నాకూ ఉంది. ఫ్లోర్‌ని మొదటి నాలుగు బీట్లలో లేపే కొత్త ర్యాప్ సింగిల్స్ తగ్గాయి. చాలావరకు గొణుగుడు, పొగమంచు లాంటి సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మోత. కార్లో రాత్రిపూట వింటే హాయిగా ఉంటుంది. నాకు అర్ధరాత్రి పనికొచ్చేవి కావాలి.

అపోహ: పాత పాట ముక్క వాడటమంటే సొంత సరుకు లేకపోవడమే.

రిక్ జేమ్స్ 'సూపర్ ఫ్రీక్' 1981 నాటిది. అందులో మళ్లీ మళ్లీ వచ్చే ఆ బేస్ వరస మీదే 1990లో ఎంసీ హ్యామర్ 'యు కాంట్ టచ్ దిస్' కట్టాడు. రిక్ జేమ్స్ కేసు వేస్తే బయటే రాజీ కుదిరి, ఆయనకి రచయితగా పేరు దక్కింది. ఆ పాటకి వచ్చిన గ్రామీయే ఆయన జీవితంలో గెలిచిన ఒకే ఒక్క గ్రామీ. 2022లో నిక్కీ మినాజ్ 'సూపర్ ఫ్రీకీ గర్ల్' అదే బేస్ వరసతో హాట్ 100లో మొదటి స్థానం కొట్టింది. అసలు పాట ఆ చార్టులో 16 దాటలేదు, హ్యామర్ పాట 8 దాటలేదు.

డీజేకి ఇది దేవుడిచ్చిన వరం. ఆ బేస్ పడగానే మూడు వయసులవాళ్లు తలెత్తుతారు, ఒక్కొక్కరి మనసులో ఒక్కో పాట. మూడింటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీస్తూ వేస్తే పది నిమిషాలు ఎవరూ కదలరు. అయితే పాత కోరస్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి, కింద కొత్త కిక్ డ్రమ్ ఒక్కటి తగిలించి వదిలే సింగిల్స్ కూడా కుప్పలుగా వస్తున్నాయి. అలాంటప్పుడు నేను అసలు పాటే వేస్తాను.

అపోహ: జనానికి ఓపిక పోయింది, అందుకే పాటలు చిన్నవైపోయాయి.

పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డులో ఒకవైపు పట్టేదే దాదాపు 3 నిమిషాలు. అప్పటివాళ్లకి ఓపిక లేదనలేం కదా. సరుకు ఏ సంచిలో పోస్తే ఆ ఆకారం వస్తుంది. ఇప్పటి సంచి స్ట్రీమింగ్: స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక ప్లే కింద లెక్క, పాట రెండు నిమిషాలున్నా ఐదున్నా లెక్క ఒకటే. లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' మొదటి వెర్షన్ 1 నిమిషం 53 సెకన్లు.

దెబ్బ మాకు పడుతుంది. నిమిషానికి 100 బీట్లుండే పాటలో 16 బార్లంటే (బార్‌కి నాలుగు బీట్లు) 64 బీట్లు, అంటే 38 సెకన్ల పైమాట. కొత్త పాటని ముందు పాటతో కలుపుతూ తేవడానికి ఒక 38, తర్వాతి పాటలోకి దాటించడానికి ఇంకో 38 పోతే, రెండు నిమిషాల పాటలో ఒంటరిగా వినపడేది 43 సెకన్లు. ఇంట్రో ఉండదు, గొంతుతోనే మొదలవుతుంది. అందుకే ముందూ వెనకా ఉత్త బీట్లు అతికించిన డీజే ఎడిట్లు వాడతాం. లేకపోతే మేమే కూర్చుని అతికించుకుంటాం.

అపోహ: సింక్ బటన్ నొక్కితే ఎవరైనా డీజేనే.

సింక్ టెంపో కలుపుతుంది. తర్వాత ఏం వేయాలో చెప్పదు. ఇంతకన్నా దీని మీద మాట్లాడే ఓపిక నాకు లేదు.

అపోహ: ఫోన్‌లో విన్నాం, పాట తేలిపోయింది.

808 బేస్‌లో అసలు బలమంతా 40 నుంచి 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో ఆ ధ్వని దాదాపు రాదు. మీరు విన్నది పాటలో పై సగం. దీనికి తిరగేసినట్టు ఇంకో తేడా ఉంది: హెడ్‌ఫోన్స్‌లో తల చుట్టూ తిరుగుతూ అద్భుతంగా అనిపించిన కోరస్, మోనోలో (ఎడమ కుడి ధ్వనుల్ని కలిపి ఒకటి చేసి) నడిచే పెద్ద స్పీకర్లలో సన్నబడిపోతుంది, ఎడమ కుడి తరంగాలు ఒకదాన్నొకటి తినేసి. అందుకే కొత్త సింగిల్ చేతికి రాగానే మోనో నొక్కి కోరస్ ఒక్కటి వింటాను. మొన్నొక పాటలో అలా నొక్కితే వెనక కోరస్ గొంతులు సగానికి సగం మాయం. ఇంట్లో దాన్ని పదిసార్లు విన్నాను, ఫ్లోర్ మీద ఇంకా వేయలేదు.