తెల్లమద్ది, ఎలుక గుండె, మన గుండె: కొన్ని అపోహలు

విజయనగరంలో ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) చెబుతాను. మొక్కల సారాలు గుండెను కాపాడతాయా, వాటితో హాని ఉందా అని ఎలుకల మీద పరీక్షించడం నా పని. ఈ సంగతి తెలిసినవాళ్ళు అడిగేది ఎక్కువగా తెల్లమద్ది (అర్జున చెట్టు) గురించే. దాని బెరడునే మద్ది చెక్క అంటారు, గుండెకు మంచిదని పొడిగానో కషాయంగానో తాగుతారు.

అపోహ: మద్ది చెక్క బ్లాకులు కరిగిస్తుందని ఎలుకల్లో రుజువైంది.

వాస్తవం: ఆ ఎలుకలకు అసలు బ్లాకులే ఉండవు. ఎక్కువగా వాడే పద్ధతిలో గుండె వేగం పెంచే ఐసోప్రోటెరినాల్ అనే మందును కిలో బరువుకు 85 మి.గ్రా. చొప్పున, 24 గంటల తేడాతో రెండుసార్లు చర్మం కింద ఇస్తాం. గుండె విపరీతంగా కొట్టుకుని, ఆక్సిజన్ చాలక కండరం కొంత చచ్చిపోతుంది. తర్వాత గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే-ఎంబీ, ట్రోపోనిన్ కొలుస్తాం, గుండె ముక్కను మైక్రోస్కోప్ కింద చూస్తాం. సారం తాగిన ఎలుకల్లో నష్టం తక్కువగా కనిపిస్తే ‘రక్షణ ఉంది’ అని రాస్తాం. రక్తనాళంలో కొవ్వు పేరుకోవడం ఈ పరీక్షలో ఎక్కడా రాదు.

పేపర్లు చదివేవాళ్ళు కూడా దాటేసే విషయం ఇంకొకటుంది. చాలా ప్రయోగాల్లో ముందు కొన్ని రోజులో వారాలో సారం తాగించి, ఆ తర్వాతే గుండెను దెబ్బతీస్తాం. మనవాళ్ళేమో నొప్పి వచ్చాక, స్టెంట్ పడ్డాక చెక్క కొంటారు. వాళ్ళ ప్రశ్నకు ఇలాంటి ప్రయోగంలో జవాబు లేదు.

ఇక డోసు. ఎలుకకు కిలోకు 200 మి.గ్రా. పనిచేసిందనుకోండి. మనిషి లెక్కకు మార్చాలంటే 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి దాదాపు 2 గ్రాములవుతుంది. అది కూడా ఆల్కహాల్‌తో తీసి ఆరబెట్టిన సారం. వంద గ్రాముల చెక్కకు పది గ్రాముల సారం దిగితే, రోజుకు 20 గ్రాముల చెక్క కావాలి. ఇంట్లో నీళ్ళలో కాచిన కషాయంలోకి అవే పదార్థాలు అదే పాళ్ళలో వస్తాయన్న హామీ లేదు. ‘పొద్దున్నే చెంచాడు పొడి’ అన్న లెక్క మా ల్యాబ్‌లో పుట్టింది కాదు.

అపోహ: కిలోకు 2000 మి.గ్రా. ఇచ్చినా ఎలుక చావలేదట, కాబట్టి సేఫ్.

వాస్తవం: ఆ మాట వచ్చేది ఓఈసీడీ 423 అనే అంతర్జాతీయ విష పరీక్ష పద్ధతి నుంచి. అందులో దశకు మూడు ఎలుకలు, ఒకే ఒక్క డోసు, 14 రోజుల పరిశీలన. నెలల తరబడి తాగితే కాలేయం, కిడ్నీలు ఏమవుతాయో తెలియాలంటే 28 రోజుల, 90 రోజుల పరీక్షలు వేరే ఉన్నాయి. వాటికి డబ్బూ ఓపికా కావాలి. 423 దగ్గరే ఆగిపోయి ‘సురక్షితం’ అని రాసేయడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: చెట్టు మందుకి సైడ్ ఎఫెక్టులుండవు.

వాస్తవం: పచ్చగన్నేరు మన పెరళ్ళలోనే పూస్తుంది. దాని గింజలోని గ్లైకోసైడ్లు అనే పదార్థాలు గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలవు. అదే కోవలోని గుండె మందు డిగాక్సిన్‌ను డాక్టర్లు మైక్రోగ్రాముల్లో ఇస్తారు. అమాయకంగా కనిపించే అతిమధురం కూడా ఎక్కువ రోజులు వాడితే బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది.

అపోహ: తాతలు వాడారు, ఇక పరీక్షలెందుకు?

వాస్తవం: తిన్న వెంటనే వాంతులయ్యే మొక్కను తాతలు పట్టుకోగలరు. ఏళ్ళ తర్వాత కిడ్నీని తినేసేదాన్ని ఎలా పట్టుకుంటారు? ఈశ్వరి, గాడిదగడపర కుటుంబంలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990లలో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో ఆ కుటుంబపు మొక్క కలిసి చాలామంది కిడ్నీలు పోయాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు, నేను దాన్ని ఈ మొక్కల మీదికి నెట్టడం లేదు. కానీ అక్కడి కవిటి, సోంపేట వైపు క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పెరిగినవాళ్ళు పేరు తెలియని పొడి తాగుతామంటే మాత్రం ఒప్పుకోను.

అపోహ: ఏ మద్దయినా ఒకటే.

వాస్తవం: తెల్లమద్ది బెరడు నున్నగా, లేత బూడిద రంగులో ఉండి రేకులుగా ఊడుతుంది. నల్లమద్దిది మొసలి వీపులా పగుళ్ళు. సీతంపేట కొండల్లో చెట్టును రోజూ చూసే సవరలు ఠక్కున చెప్పేస్తారు. పొడి కొట్టాక నాకూ చెప్పడం కష్టమే. అందుకే పరీక్షకు ముందు బాటనీ వాళ్ళ చేత గుర్తింపజేసి, నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు భద్రపరిచే చోట) దాచుతాం.

అపోహ: ఇదంతా మూఢనమ్మకం.

వాస్తవం: బీపీ మందు రెసర్పిన్‌ను 1952లో సర్పగంధ వేరు నుంచే వేరు చేశారు. మద్ది మీద కూడా ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) రోగుల్లో చిన్న ట్రయల్స్ జరిగాయి, కొంత మేలు కనిపించింది. పెద్దవి జరగాలి.

అపోహ: చెక్క మొదలుపెడితే మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: స్టెంట్ ఉన్నవాళ్ళు రక్తం గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను సొంతంగా ఆపితే అందులో రక్తం గడ్డకట్టొచ్చు. తాగుతున్న పొడి సంగతి కార్డియాలజిస్టుకు చెప్పండి, తిడతారని దాచకండి. ఆపరేషన్ ఉంటే ఇంకా ముందే చెప్పాలి.