డ్రిల్లు మిషనుకు బలం చాలక కాదు: ఇంటి పనిముట్లపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ భవానీపురంలో మాది చిన్న వడ్రంగి షెడ్డు. ఆదివారం వచ్చిందంటే బల్లలు, తలుపులు చేయించుకునేవారికంటే సంచిలో డ్రిల్లు మిషను పెట్టుకుని వచ్చేవారే ఎక్కువ. ‘‘దీనికి బలం చాలడం లేదండీ, పెద్దది కొనమంటారా?’’ అని అడుగుతారు. నేను మిషను వంక చూడను. ముందు దాని మూతిలో ఉన్న బిట్టు చూస్తాను. చాలాసార్లు విషయం అక్కడే తేలిపోతుంది. గోడ పనికి కర్ర బిట్టు బిగించి ఉంటుంది, లేదంటే మొన అరిగి గుండ్రంగా తయారై ఉంటుంది.

అపోహ: గోడలో స్క్రూ నిలవకపోతే పెద్ద మిషను కావాలి.

వాస్తవం: ముందు మీ గోడ దేనితో కట్టారో తెలియాలి. మన ఊళ్లో పాత ఇళ్లు ఎర్ర ఇటుకవి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనే ఉండటంతో బూడిద ఇటుకల ఇళ్లూ చాలానే ఉన్నాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు, అంటే ఏఏసీ బ్లాకులు, వాడుతున్నారు. ఒక్కో గోడ తీరు ఒక్కోటి.

బిట్టు వెంట రాలే పొడిని చూడండి, గోడే చెబుతుంది. మొదటి అర అంగుళం ఇసుక కలిసిన బూడిద రంగు పొడి వస్తుంది, అది ప్లాస్టరింగు. ఆ తరువాత ఎర్రగా రాలితే ఇటుక తగిలినట్టు. పిండిలా తెల్లగా రాలుతూ, నొక్కకుండానే బిట్టు దిగిపోతే ఏఏసీ బ్లాకు. అక్కడ బిట్టు తిరుగుతూనే గోడను కొట్టేలా చేసే హ్యామర్ మీట వాడితే బెజ్జం వెడల్పై, స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు వదులవుతుంది. మామూలుగా తిప్పితే చాలు, ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు దొరుకుతాయి. కిటికీ పైన ఎంత నొక్కినా దిగక బిట్టు కీచుమంటూ వేడెక్కిపోతే అది లింటెల్ కాంక్రీటు. పెద్ద మిషను, అంటే రోటరీ హ్యామర్, కావలసింది అలాంటి కాంక్రీటు దగ్గరే. దానికోసం కొనడం దండగ, ఒక పూటకు అద్దెకు తెచ్చుకోండి.

6 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 6 మిల్లీమీటర్ల బిట్టే వాడాలి. బెజ్జం ప్లగ్గుకంటే ఒక సెంటీమీటరు లోతుగా ఉండాలి, లోపలి పొడి బయటకు రావాలి. నోటితో ఊదితే అది నేరుగా కళ్లలోకే వస్తుంది, సైకిలు పంపుతో కొట్టండి. వదులైన బెజ్జంలో అగ్గిపుల్లలు కుక్కి స్క్రూ బిగించే అలవాటు మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. క్యాలెండరుకైతే సరే, గీజరుకు వద్దు. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా ఎక్కడా బెజ్జం వేయకండి. వైర్లు సాధారణంగా ఆ దారినే వెళతాయి.

అపోహ: చేతికి తొడుగులు ఉంటే ఏ పనికైనా భద్రమే.

వాస్తవం: తిరిగే బిట్టు దగ్గర గుడ్డ తొడుగే ప్రమాదం. దారం చుట్టుకుంటే వేలిని కూడా లాగేస్తుంది. చేతికి తొడుగు కాదు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

అపోహ: మెత్తటి చెక్కకు మొద్దు ఉలి అయినా సరిపోతుంది, పదునుంటే చేయి తెగుతుంది.

వాస్తవం: ఈ మాట నేనూ నమ్మాను. నా ఎడమ బొటనవేలి కింద ఉన్న గాటు మొద్దు ఉలి చేసినదే. అది దిగడం లేదని బలం పెట్టాను, జారింది. పదునున్న ఉలికి అంత బలం అక్కరలేదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క మెత్తగా, తేలికగా ఉంటుంది. మొద్దు ఉలి పెడితే అది తెగదు, నలిగిపోతుంది. అలాంటి ముక్క కొనను ఒకసారి చెక్కి చూడండి. పదునుంటే కోసిన చోటు నున్నగా మెరుస్తుంది, లేకుంటే నారలు లేచి తెల్లటి చారలు పడతాయి.

సాన పట్టేటప్పుడు వాలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచండి. వెనకవైపు రాయి మీద పూర్తిగా బల్లపరుపుగా ఆనాలి. చాలామంది వెనకవైపును పట్టించుకోరు, పదును ఎందుకు రావడం లేదో అర్థం కాక రాయిని తిడతారు. కరెంటు సాన మీద పట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే.

అపోహ: కొలత టేపు కొనన ఉన్న కొక్కెం కదులుతోందంటే అది పాడైనట్టు.

వాస్తవం: కావాలనే అలా చేస్తారు. కొక్కెం తన మందం ఎంతో అంతే కదులుతుంది. బల్ల అంచుకు తగిలించి లాగినా, అలమర లోపల గోడకు ఆనించి నెట్టినా కొలత ఒకటే రావాలని ఆ ఏర్పాటు. ఒక పెద్దమనిషి ఆ రివెట్లను సుత్తితో కొట్టి ‘బాగుచేసి’, ఆ టేపుతోనే తీసిన కొలతలు మాకు ఇచ్చారు. అలమర పట్టలేదు.

అపోహ: వానాకాలంలో బిగుసుకున్న తలుపును వెంటనే చిత్రిక పట్టాలి.

వాస్తవం: చెక్క తేమ పీల్చి ఉబ్బింది, అంతే. శ్రావణంలో చిత్రిక పట్టిన తలుపు రోహిణి కార్తె ఎండకు కుంచించుకుపోతుంది, సందులోంచి బల్లి దూరుతుంది. ముందు కీళ్ల స్క్రూలు బిగించి చూడండి. తరువాత తలుపు పైఅంచు మీద వేలు పెట్టి తడమండి. చాలా ఇళ్లలో అక్కడ రంగు ఉండదు, కింది అంచుకూ ఉండదు. కంటికి కనిపించదు కదా అని వదిలేస్తారు. తేమ ఎక్కువగా ఎక్కేది ఆ దారినే. ఎండాకాలంలో, తలుపు పొడిగా ఉన్నప్పుడు, ఆ రెండు అంచులకూ రెండు పూతలు వేయించండి.

అపోహ: నీళ్లలో మునిగిన మిషను ఎండలో పెడితే పనిచేస్తుంది.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాక, అలా ఎండబెట్టిన మిషన్లు మా షెడ్డుకు వరుసగా వచ్చాయి. పైకి పొడిగానే ఉన్నాయి. ఒకదాని గేరు పెట్టె విప్పితే గ్రీజు ఉండాల్సిన చోట బురద ముద్ద ఉంది. నీరు ఆరిపోతుంది కానీ ఒండ్రు ఆరి మిగిలిపోతుంది, బేరింగులను తినేస్తుంది. లోపలి తడికి షాకు కొట్టే ప్రమాదమూ ఉంది. కరెంటుకు కలపకుండా వైండింగు మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆయన విప్పి కడిగి, ఆరబెట్టి, కరెంటు బయటకు లీకవుతుందో లేదో చెప్పే మెగ్గర్‌తో చూసి చెబుతాడు. బ్యాటరీ మిషనైతే తడిసిన బ్యాటరీ లోపలి భాగం తెరవవద్దు, చార్జింగు అసలే పెట్టవద్దు. ఇంటి బయట, కాలే వస్తువులేవీ లేని చోట ఉంచి సర్వీసు వాళ్లకు అప్పగించండి.