తెర కూడా ఒక గోడే

రికార్డింగ్ పనిలో ఉన్నవాళ్లతో "మానిటర్ కొంటున్నా" అంటే "ఏది, చూసేదా వినేదా?" అని అడుగుతారు. స్టూడియోలో స్పీకరునీ మానిటర్ అనే అంటారు కదా. చిన్న గదిలో ఈ రెండు మానిటర్లూ ఒకే బల్ల మీద ఒకే జాగా కోసం పోట్లాడుకుంటాయి, ఓడిపోయేది ఎప్పుడూ స్పీకరే. రెండో తెర ఇంటికొచ్చిన రోజున దాన్ని ఇరికించడానికి స్పీకర్లను పక్కకి నెడతాం. ఆ నెట్టినదంతా తరవాత మిక్స్‌లో, అంటే ట్రాకులన్నీ కలిపి తయారుచేసిన పాటలో, వినిపిస్తుంది.

కాబట్టి ముందు టేపు తీసుకుని బల్ల కొలవాలి. పెట్టె మీద రాసే అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచినవి. బల్లకి కావలసింది వెడల్పు. 24 అంగుళాల తెర వెడల్పు 53 సెం.మీ., 27 అంగుళాలది 60, 34 అంగుళాల అల్ట్రావైడ్‌ది 80. 5 అంగుళాల వూఫర్ (బాస్ పలికే కోన్) ఉన్న స్పీకర్ పెట్టె సుమారు 18 నుంచి 20 సెం.మీ. ఉంటుంది. 120 సెం.మీ. బల్ల మీద రెండు స్పీకర్లు పెడితే మధ్యలో మిగిలేది 80. అందులో రెండు 24 అంగుళాల తెరలు పక్కపక్కన పట్టవు. అంచులతో కలిపి వాటికే 108 దాకా కావాలి.

పట్టనప్పుడు ఏం చేస్తారంటే, చాలామంది స్పీకర్లను తెరల వెనక్కి తోసేస్తారు. శబ్దం ఎలాగూ చుట్టూ తిరిగి వస్తుంది కదా అని. కొంత వస్తుంది. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 3.4 మీటర్లు, దానికి తెర అడ్డే కాదు. 10 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 3.4 సెం.మీ. మాత్రమే, అది తెర అంచు దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. ట్వీటర్, అంటే స్పీకర్‌లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం, తెర చాటున ఉంటే పాట మూతపడ్డట్టు వినిపిస్తుంది, దాన్ని సరిచేయాలని పై స్థాయి (ట్రెబుల్) పెంచుతాం. ఆ పాట కారులో వేసుకుంటే స, శ, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఈక్వలైజర్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు బల్ల మీద ఉంది. కూర్చున్న చోటి నుంచి రెండు ట్వీటర్లూ కంటికి నేరుగా కనిపించాలి. ఈ ఒక్క షరతు మీద బేరం లేదు.

రెండో తప్పు స్పీకర్లను మరీ ఎడంగా జరపడం. వాటి మధ్య దూరమూ, ఒక్కోదాని నుంచి తలకున్న దూరమూ సమానంగా ఉండాలన్నది దగ్గర నుంచి వినే స్పీకర్ల మామూలు లెక్క. 110 సెం.మీ. ఎడం ఉంటే తల 110 సెం.మీ. దూరంలో ఉండాలి. ఎడం 160కి పెంచి, కుర్చీ ఉన్నచోటే ఉంచితే మధ్యలో ఉండాల్సిన గొంతు పలచబడుతుంది. గది మూలకి చేరిన స్పీకర్ బాస్ ఎక్కువ పలుకుతుంది. అప్పుడు బాస్ తగ్గించి మిక్స్ చేస్తాం, బయట వింటే పాటకి ఒళ్లే ఉండదు.

ఇక తెర చేసే అసలు పని. శబ్దానికి అది గట్టి, నున్నని పలక. 27 అంగుళాల తెర ఎత్తు 34 సెం.మీ. శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది కనుక 1 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు కూడా దాదాపు అంతే. అంటే సుమారు అక్కడి నుంచి పై స్థాయిలన్నిటికీ ఆ తెర అద్దంలా పనిచేస్తుంది. నేరుగా వచ్చిన శబ్దం, తెరకి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చిన శబ్దం చెవి దగ్గర కలిస్తే కొన్ని స్థాయిలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. గ్రాఫులో చూస్తే దువ్వెన పళ్లలా ఉంటుంది. అందుకే దాన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు.

తెర ఎంత వంచాం అన్నది ఇక్కడ కీలకం. స్పీకర్ల మధ్య 110 సెం.మీ., తల వాటి వరసకి 95 సెం.మీ. ఇవతల ఉందనుకోండి. రెండు తెరలూ గోడకి సమాంతరంగా, స్పీకర్ల ముఖం కన్నా 20 సెం.మీ. వెనక ఉంటే, ఎడమ స్పీకర్ శబ్దం తెరకి తగిలి చెవికి చేరగలిగే చోటు ఆ స్పీకర్ పెట్టె చాటునే పడుతుంది. పెద్ద ఇబ్బంది లేదు. కుడి తెరను 20 డిగ్రీలు మనవైపు తిప్పినా ఎడమ స్పీకర్ శబ్దం దానికి తగిలి తలకి మీటరు అవతల నుంచి వెళ్లిపోతుంది. అదే తెరను చూడ్డానికి హాయిగా ఉందని 45 డిగ్రీలు తిప్పితే అది తిన్నగా మొహం మీదకే వస్తుంది. అద్దాన్ని ఎంత తిప్పితే కిరణం దానికి రెట్టింపు తిరుగుతుందని బడిలో చదువుకున్నదే ఇది. ఆ దారి నేరు దారి కన్నా 78 సెం.మీ. ఎక్కువ, అంటే 2.3 మిల్లీసెకన్ల ఆలస్యం. సుమారు ప్రతి 440 హెర్ట్జ్‌కీ ఒక గుంట, అంటే అక్కడ శబ్దం పడిపోతుంది. స్పీకర్ పక్కకి పంపే శబ్దం కాస్త బలహీనం కనుక ఆ స్థాయిలు పూర్తిగా మాయం కావు. అయినా మాట స్పష్టత ఉండే 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలోనే అరడజను గుంటలు పడతాయి.

దీన్ని పట్టుకోవడానికి కొలత మైకు అక్కర్లేదు. రాత్రి గది దీపం ఆర్పి, తెరలు కూడా ఆపేసి, ఫోన్ టార్చ్ వెలిగించి ఎడమ ట్వీటర్ ముందు తెరల వైపు తిప్పి పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. మీరు మామూలుగా కూర్చునే చోట కూర్చుని నల్లటి తెరల్లోకి చూడండి. టార్చ్ వెలుగు ఏ తెరలో కనిపిస్తే ఆ తెర మీ చెవికి శబ్దం పంపుతున్నట్టే. గరుకు తెరలో వెలుగు చెదిరి మసగ్గా కనిపిస్తుంది గానీ ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. శబ్దానికి ఆ గరుకుతనం లెక్కలోకి రాదు. వెలుగు కనిపించకుండా పోయేదాకా తెరను జరపండి, తిప్పండి, లేదా పైఅంచు 10 డిగ్రీలు వెనక్కి వాల్చండి. వాల్చితే శబ్దం తల పైనుంచి పోతుంది. ఇదే పరీక్ష బల్ల మీద చిన్న అద్దం పెట్టి చేస్తే బల్ల ఇంకా పెద్ద దొంగ అని తెలుస్తుంది. అది వేరే కథ.

వంపు తిరిగిన తెరల మోజు ఉన్నవాళ్లకి ఒక లెక్క. 1800ఆర్ అంటే వంపు వ్యాసార్ధం 1.8 మీటర్లు. పుటాకార దర్పణం నాభి వ్యాసార్ధంలో సగం దూరంలో, అంటే 90 సెం.మీ. దగ్గర ఉంటుంది. దాదాపు అక్కడే మన కుర్చీ. వెనక గోడకి తగిలి తిరిగొచ్చే పై స్థాయి శబ్దాన్ని ఆ తెర అడ్డంగా కొంత పోగుచేసి తల దగ్గరకే పంపుతుంది. ప్రాణాంతకం ఏమీ కాదు. ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు మాత్రం చదును తెరే మేలు.

ఇవన్నీ కలిపి చూస్తే, 120 సెం.మీ. బల్లకి బాగా కుదిరేది ఒక 27 అంగుళాల తెర మధ్యలో, దాని కింద ముందువైపు వెల్లకిలా వాలిన 15.6 అంగుళాల పోర్టబుల్ తెర. రెండోది 35 సెం.మీ. వెడల్పే, పాతకాలం మిక్సర్ బల్లలా కీబోర్డు వెనక ఒదిగిపోతుంది, స్పీకర్ల దారికి అడ్డం రాదు. పెద్ద తెర మీద ట్రాకులు, చిన్నదాని మీద మిక్సర్ ఫేడర్లు (ఒక్కో ట్రాకు శబ్దం పెంచి తగ్గించే మీటలు). రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో చూస్తే, రీపర్‌లో కంట్రోల్, ఎమ్ నొక్కితే, క్యూబేస్‌లో ఎఫ్3 నొక్కితే, లాజిక్ ప్రోలో కమాండ్, 2 నొక్కితే మిక్సర్ తెరుచుకుంటుంది. దాన్ని కిందికి లాగి వదిలేయడమే. ఏబుల్టన్ లైవ్‌లో కంట్రోల్, షిఫ్ట్, డబ్ల్యూ రెండో కిటికీ తెరుస్తుంది. మిక్సర్ కూడా పెద్ద తెర మీదే కావాలంటే రెండోది 24 అంగుళాల తెరను నిలువుగా తిప్పి స్పీకర్‌కి బయటి పక్కన, బల్ల మీద చోటు చాలకపోతే విడి స్టాండు మీద, పెట్టుకోవచ్చు. అప్పుడు దాని వెడల్పు 30 సెం.మీ. మాత్రమే. సాహిత్యానికీ ఫైళ్ల జాబితాకీ అది బాగుంటుంది. ఒక తెర మీద ఇంకో తెర ఎక్కించే ఏర్పాటు ఫొటోలో అందంగా ఉంటుంది. ఆరు గంటల ఎడిటింగ్ తరవాత మెడ ఏమంటుందో అడగాలి.

చుక్కల (పిక్సెళ్ల) సాంద్రత గురించి షాపువాడు చెప్పేది వేరు, ప్లగిన్లతో, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతో, పడే పాట్లు వేరు. 24 అంగుళాల 1080పీ తెరకి అంగుళానికి 92 చుక్కలు, 27 అంగుళాల 1440పీకి 109, 27 అంగుళాల 4కేకి 163. విండోస్‌లో 4కే తెరను 150 శాతం సైజులో (స్కేలింగ్), పక్కన 1080పీ తెరను 100 శాతంలో నడిపిస్తే పాత ప్లగిన్ల కిటికీలు ఒకదాన్నుంచి ఇంకోదానికి లాగగానే చిన్నవై పోతాయి, మసకబారతాయి, ఒక్కోసారి నాబ్ ఒకచోట ఉంటే మౌస్ ఇంకోచోట పట్టుకుంటుంది. రెండూ 100 శాతంలోనే నడిచేలా ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు. 15.6 అంగుళాల 1080పీ తెరకి 141 చుక్కలు కదా, అక్షరాలు చిన్నవి కావా? బల్ల మీద కొలిస్తే చిన్నవే. కానీ అది కంటికి 55 సెం.మీ.లో ఉంటే, 27 అంగుళాలది 80లో ఉంటుంది. కంటికి ఆనే సైజు చిన్న తెరలోనే ఓ వీసం ఎక్కువ. రంగుల కచ్చితత్వం, 144 హెర్ట్జ్, హెచ్‌డీఆర్ ఇక్కడ అక్కరకు రావు. ఓరగా చూస్తాం కనుక ఐపీఎస్ ప్యానెల్ మాత్రం కావాలి. లోపల ఫ్యాన్ ఉన్న మోడల్ అయితే దండం పెట్టి వచ్చేయండి.

ఇంట్లో మూలనున్న పాత 32 అంగుళాల టీవీ వాడుకోవచ్చా? చవక టీవీల్లో చాలావాటికి 1366×768 చుక్కలే ఉంటాయి, అక్షరాల చుట్టూ రంగుల మరకలు కనిపిస్తాయి. బొమ్మకి నేపథ్య సంగీతం చేసేవాళ్లకి ఇంకో చిక్కు: టీవీ బొమ్మను మెరుగుపరిచే పనిలో ఆలస్యం చేస్తుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. టీవీ రెండు ఫ్రేములు వెనకబడితే తలుపు చప్పుడు బొమ్మకి సరిపెట్టామనుకుంటాం, థియేటర్లో అది ఆలస్యంగా మోగుతుంది. గేమ్ మోడ్ పెడితే ఈ ఆలస్యం చాలావరకు పోతుంది.

తెర వచ్చిన మొదటి రోజు అందరినీ కంగారుపెట్టేవి రెండు. ఒకటి, స్పీకర్లు మూగబోవడం. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా మోస్తుంది; కంప్యూటర్ ఆ తెరలోని బుల్లి స్పీకర్లనే కొత్త ఆడియో పరికరం అనుకుని అటు మళ్లిస్తుంది. సౌండ్ సెట్టింగుల్లో దాన్ని డిజేబుల్ చేస్తే సరి. రెండోది హమ్, అంటే స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత.

మూడు పిన్నుల తెరకి ఎర్త్ ఉంది, పవర్డ్ స్పీకర్లకీ ఎర్త్ ఉంది. హెచ్‌డీఎంఐ తీగ పైపొర తెర ఎర్త్‌ని కంప్యూటర్‌కి కలుపుతుంది, అక్కడి నుంచి యూఎస్‌బీ మీదుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైకునీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి), అక్కడి నుంచి ఆడియో తీగ మీదుగా స్పీకర్‌కి. చుట్టు పూర్తయింది. రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య కాస్త తేడా ఉన్నా ఆ చుట్టులో కరెంటు పారుతుంది, 50, 100 హెర్ట్జ్‌లలో గుయ్‌మంటుంది. ఇంకో గుర్తు: ట్రాకులు పక్కకి జరిపినప్పుడల్లా సన్నటి కీచు శబ్దం మారుతుంది. పట్టుకోవడం తేలిక. మోత వస్తుండగా హెచ్‌డీఎంఐ తీగ పీకండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఆ తరవాత అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చండి. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి మామూలు తీగలుంటే దారిలో చేరే మోతను రద్దుచేసే బ్యాలెన్స్‌డ్ తీగలు (టీఆర్‌ఎస్ లేదా ఎక్స్‌ఎల్‌ఆర్) వేయండి. చాలా ఇళ్లలో కథ ఇక్కడితో ముగుస్తుంది. అప్పటికీ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పోతుంది కూడా. దానితోపాటు 230 వోల్టుల నుంచి మిమ్మల్ని కాపాడేదీ పోతుంది. ఆ పని చేయొద్దు.

పోర్టబుల్ తెరకి ఇక్కడ ఇంకో మార్కు పడుతుంది. అది ల్యాప్‌టాప్ నుంచే యూఎస్‌బీ-సీ తీగతో కరెంటు తీసుకుంటుంది, గోడ ఎర్త్‌తో దానికి సంబంధం లేదు. కొత్త చుట్టు ఏర్పడదు. ఇంటర్‌ఫేస్ ఉన్న హబ్‌కి మాత్రం తగిలించకండి. ల్యాప్‌టాప్ పోర్టు బొమ్మను నేరుగా పంపగలదో లేదో కొనేముందే చూసుకోవాలి. లేనిచోట డిస్‌ప్లేలింక్ అడాప్టర్లు అమ్ముతారు. అవి బొమ్మను ప్రాసెసర్ చేతే కుదించి పంపుతాయి, రికార్డింగ్ సమయంలో ఆ ప్రాసెసర్ మీకే కావాలి. ఎమ్1, ఎమ్2 మ్యాక్‌బుక్ ఎయిర్లు నేరుగా ఒక్క బయటి తెరనే నడుపుతాయి. వాటికి ల్యాప్‌టాప్ సొంత తెరే రెండోది.

ఇంట్లో గాయకుడు తెర మీద సాహిత్యం చూస్తూ పాడడం మామూలే. కార్డియాయిడ్ మైకు (ముందు నుంచి బాగా విని, వెనక నుంచి దాదాపు విననిది) వీపు తెర వైపు ఉంటే తెర నుంచి తిరిగొచ్చే శబ్దం మైకు వినని దిక్కు నుంచే వస్తుంది. ఆ వరస మంచిదే. మైకు మూతి వైపు, అంటే గాయకుడి వెనక గోడకి, ఓ మందపాటి బొంత వేలాడదీయడం ఎక్కువ అవసరం.

చివరగా తెరను బిగించాక ఒక సైన్ తరంగాన్ని 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా జరుపుతూ, కాస్త గట్టిగా వినిపించండి. ఎక్కడో ఒకచోట ఏదో గిలగిల్లాడుతుంది. స్పీకర్ చెడిపోయిందని కంగారుపడకుండా తెర అంచు మీద వేలు ఆనించండి, ఆగితే అదే. చాలాసార్లు వెనక తెరను స్టాండుకి బిగించే వీసా (VESA) పలకకున్న నాలుగు ఎమ్4 మరల్లో ఒకటి వదులుగా ఉంటుంది, లేకపోతే వేలాడే అడాప్టర్ తీగ ప్లాస్టిక్ వీపుకి కొట్టుకుంటూ ఉంటుంది. దానికి అర అడుగు వెల్‌క్రో పట్టీ చాలు.