రైలు వదిలిన దారి: హేవలాక్ వంతెన, కోటిపల్లి కట్ట

రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర నిలబడి అవతలి ఒడ్డున కొవ్వూరు వైపు చూస్తే గోదావరి మీద రెండు రైలు వంతెనలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి విల్లులా వంగిన కాంక్రీటు కమానులది, దాని మీద రైళ్లు తిరుగుతుంటాయి. రెండోది రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు నిలిపిన హేవలాక్ వంతెన. దాని మీద 1997 నుంచి రైలు లేదు. ఊళ్లో దాన్ని పాత వంతెన అనే అంటారు. ఈ పాత వంతెనను జనం నడిచే, సేదతీరే దారిగా మలచాలన్న మాట ఏళ్ల తరబడి నలిగి, ఇప్పుడు నిధులూ శంకుస్థాపనా దాకా వచ్చింది. ఈ ఆలోచనకు ఇంత కాలం ఎందుకు పట్టిందో తెలియాలంటే వంతెన పుట్టుక దగ్గర మొదలుపెట్టడం మేలు.

తూర్పు కోస్తా రైలు మార్గం 1893 నుంచి 1896 మధ్య బెజవాడ, కటక్ నగరాల నడుమ అంచెలంచెలుగా తెరుచుకుంది. పట్టాలు గోదావరికి రెండు వైపులా వచ్చాయి గానీ నది మీద దారి లేదు. 1897 నవంబరులో వంతెన పని మొదలైంది. ఇంజినీరు గ్రాన్‌విల్ వాల్టన్ పర్యవేక్షణలో మూడేళ్లలోపే పూర్తయి, 1900 ఆగస్టు 30న రైళ్లకు తెరుచుకుంది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. ఒక్కొక్కటి 45.7 మీటర్ల చొప్పున 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ నడుమ భాగాలు), మొత్తం రెండున్నర కిలోమీటర్లకు పైబడిన పొడవు, ఒకే ఒక్క లైను. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు ఆగకుండా సాగిపోవడానికి ఉన్న పెద్ద అడ్డంకి దానితో తొలగిపోయింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినప్పుడు కూడా ఈ వంతెన రాతి స్తంభాలు చెక్కుచెదరలేదు. ఆనాటి రాతిపని ఎంత గట్టిదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

1974లో ఎగువన రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. 1997లో పక్కనే కమానుల వంతెన వచ్చింది. దాని ఖానాలు 28, అంటే పాతదానిలో సరిగ్గా సగం. అలా 97 ఏళ్ల కొలువు తర్వాత పాత వంతెన విశ్రాంతిలోకి వెళ్లింది. పనికిరాని వంతెనను విప్పి ఇనుమును అమ్ముకోవడం రైల్వేలో మామూలు విషయమే, కాబట్టి ఆ ఆలోచన ఇక్కడా వచ్చింది. ఊరి నుంచి వ్యతిరేకత వచ్చింది. ఊరివాళ్ల వాదనలో అభిమానం పాలు ఎక్కువే అయినా, అందులో ఒక గట్టి లెక్క కూడా ఉంది. ఇనుముకు తూకం ఉంటుంది, ధర ఉంటుంది. ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు ఎక్కడా తెగకుండా ఉన్న దారికి మాత్రం ఏ వేలంపాటలోనూ ధర కట్టరు. అదొకసారి తెగితే, మళ్లీ కలపడానికి అయ్యే ఖర్చు ఇనుము అమ్మితే వచ్చే సొమ్ముకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఈ లెక్క డెల్టాలో ఇంతకుముందే ఒకసారి తేలింది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 1928లో సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇనుము అవసరమై 1940లో ఆ పట్టాలు ఊడబీకి తీసుకుపోయారు. మళ్లీ రైలు రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. అరవై నాలుగేళ్ల పాటు రైలు లేని ఆ ప్రాంతం, చివరికి ఒక్క పెట్టె రైలుబస్సుతో మళ్లీ రైలు మొహం చూసింది. కోటిపల్లి నుంచి గౌతమి దాటి ముక్తేశ్వరం వెళ్లడానికి పంటు (నది దాటించే పడవ) ఎక్కేవాళ్లకు రైలు అక్కడితో ఎందుకు ఆగిపోయిందో ఎవరూ వివరించనక్కర్లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కోనసీమ మార్గం 2000-01లో మంజూరైంది. అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి హయాంలో అది ఈ ప్రాంతపు పెద్ద ఆశ. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటినీ దాటాలి కాబట్టి, నడక నెమ్మదిగా సాగింది. ఒకసారి వదిలేసిన రైలు మార్గం మళ్లీ అవసరమవుతుందని, అవసరమైన రోజుకు దారి మిగిలి ఉండటమే ముఖ్యమని కోటిపల్లి కట్ట చెబుతుంది.

సరిగ్గా ఈ భయం నుంచే అమెరికాలో ఒక చట్టం పుట్టింది. అక్కడ రైలు కంపెనీలు మార్గాలను వదిలేసినప్పుడు, దారి కింది భూమి చాలాచోట్ల పక్క పొలాల వారికి తిరిగి చెందుతుంది, దాంతో వందల మైళ్ల మార్గం ముక్కలైపోతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య మూసేసిన మార్గాన్ని 1960లలో సైకిల్ బాటగా మార్చారు. సుమారు 51 కిలోమీటర్ల ఆ బాట మూడు సొరంగాల గుండా పోతుంది. తర్వాత 1983లో జాతీయ బాటల చట్టాన్ని సవరించి, వదిలేసిన రైలు దారిని తాత్కాలికంగా బాటగా వాడుకుంటూ భవిష్యత్తులో రైలు కోసం కాపాడి ఉంచే ఏర్పాటు తెచ్చారు. పొలాల యజమానులు కోర్టుకెక్కితే 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు చెల్లుతుందని తేల్చింది. అంటే ఆ బాట, కాస్త ఘాటుగా చెప్పాలంటే, రైలు తిరిగి వచ్చేదాకా దారికి కాపలా. బ్రిటన్‌లో నష్టాల రైలు మార్గాలను మూసేయమన్న 1963 బీచింగ్ నివేదిక తర్వాత మూసేసిన మార్గాల మీద కూడా సైకిల్ బాటలు వెలిశాయి. బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య 1979 నుంచి 1986 దాకా వేసింది వాటిలో పేరున్నది.

మన దేశంలో ఇందుకు పూర్తి భిన్నమైన ఉదాహరణ పట్నాలో ఉంది. పట్నా నుంచి దీఘా వెళ్లే చిన్న రైలు మార్గాన్ని ఎత్తేసి, ఆ స్థలంలో అటల్ పథ్ అనే రహదారి వేసి, 2021లో తెరిచారు. ట్రాఫిక్‌కు అది మేలే చేసి ఉండవచ్చు గానీ, ఖాళీ అయిన రైలు స్థలం కనబడగానే మన ఊళ్లలో ముందుగా తట్టేది మోటారు రోడ్డేనన్న సంగతీ అది చూపిస్తుంది. రైలు కట్టకు ఏటవాలు తక్కువ, మలుపులు తక్కువ, అందుకే నడిచేవారికీ సైకిల్ తొక్కేవారికీ దానికంటే అనువైన దారి దొరకదు.

హేవలాక్ వంతెన మట్టికట్ట కాదు కాబట్టి అక్కడి ఇబ్బందులు వేరు. రైలు వంతెన మీద గర్డర్లపై అడ్డంగా పేర్చిన స్లీపర్ల మధ్య ఖాళీలుంటాయి, ఆ సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి. పట్టాల మీదుగా పోయే ఇంజిను బరువు మోసిన నిర్మాణానికి జనం బరువు లెక్కలోది కాదు, కానీ పిల్లలూ వృద్ధులూ నడవాలంటే పూర్తి తలం పరచాలి, రెండు వైపులా గట్టి కమ్మీలు కట్టాలి. ఇనుము ఎండకు సాగుతుంది. 45.7 మీటర్ల గర్డరు, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే, సుమారు 16 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. కొత్తగా పరిచే తలంలోనూ ప్రతి స్తంభం దగ్గరా ఆ కదలికకు చోటు వదలాలి, లేకపోతే పలకలు ఉబ్బి లేచిపోతాయి. అన్నింటికీ మించి తుప్పు: ఏ గర్డరు ఎంత మిగిలిందో ఒక్కొక్కటిగా పరీక్షించి తేల్చిన తర్వాతే మిగతా అలంకారాల మాట. గోదావరి మీద నీడనిచ్చే చెట్టు ఎలాగూ ఉండదు, కాబట్టి మే నెలలో రెండున్నర కిలోమీటర్ల ఇనుప వంతెన మీద మధ్యాహ్నం ఎవరూ నడవరు. పందిళ్లు, తాగునీరు, సాయంత్రపు దీపాలు లేకుండా ఇది విహారదారి కాలేదు.

2025 జూన్ 26న కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సమక్షంలో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 94.44 కోట్ల రూపాయల ఆ ప్రాజెక్టులో పాత వంతెన, పుష్కర ఘాట్, కడియం నర్సరీలు ఉన్నాయి. 2027 పుష్కరాలు దగ్గరపడటం పనికి ఊపునిచ్చే మాట నిజమే. పుష్కరాల రద్దీ కొద్ది రోజులది, ఆ తర్వాతి ఏళ్లలో రోజూ వంతెన వాడేది ఈ రెండు ఊళ్లవాళ్లే. 2022లో జిల్లాలు మారాక కొవ్వూరు కూడా తూర్పు గోదావరిలోకే వచ్చింది, వంతెన రెండు చివరలూ ఇప్పుడు ఒకే కలెక్టరు కిందివి. ఇంతకాలం ఈ వంతెన కథంతా రాజమహేంద్రవరం వైపు నుంచే సాగింది. కొవ్వూరు ఒడ్డున ఎక్కే మెట్లూ, సైకిల్ నిలిపే చోటూ, దారి దిగాక నడిచిపోయే బాటా ఎలా వస్తాయన్నది చూడాల్సి ఉంది.