జిమీ వదిలి వెళ్లిన టేపులు

చిన్నూకి, మీనూకి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్‌లో చిన్నూ ఒక ప్రశ్న వేసి, జవాబు వినకుండానే ట్యూషన్‌కి టైమైందని పరుగెత్తాడు. "తాతయ్యా, జిమీ హెండ్రిక్స్ 1970లోనే చనిపోయాడు కదా, మరి ఈ ఆల్బమ్ మీద 1997 అని ఉందేంటి?" అని. చాలా మంచి ప్రశ్న నాన్నా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

జిమీ గిటార్ వాయిస్తూ పాడిన అమెరికా రాక్ సంగీతకారుడు. ఆ ఆల్బమ్ పేరు ‘ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్’. ఉదయించే కొత్త సూర్యుడి తొలి కిరణాలు అన్నమాట. పేరు జిమీ అనుకున్నదే. అందులో ఉన్న 17 పాటల్లోనూ గిటార్ అతనిదే. కానీ వాటిని ఏరి, వరుసలో పేర్చి, ఇదిగో ఆల్బమ్ అని మన చేతికిచ్చింది మాత్రం వేరేవాళ్లు.

జిమీ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. తండ్రి ఆల్ హెండ్రిక్స్ తోటపని చేసి బతికినవాడు. ఒకసారి తండ్రితో కలిసి ఎవరింట్లోనో చెత్త తీస్తుంటే, జిమీకి ఒక్క తీగే మిగిలిన పాత యుకులేలీ దొరికింది. అది చిన్న గిటార్‌లా ఉండే వాద్యం. నేర్పేవాళ్లు లేరు. విన్న పాటల్ని ఆ ఒక్క తీగ మీదే వెతుక్కున్నాడు. మీనూ, నీలాగే అతనిదీ ఎడమచేతివాటం. కుడిచేతివాళ్ల గిటార్‌ని తిరగేసి పట్టుకుని, తీగలు మార్చి కట్టుకుని వాయించేవాడు.

స్టూడియోల అద్దెలు తడిసి మోపెడవుతుంటే న్యూయార్క్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. పేరు ఎలక్ట్రిక్ లేడీ. ఆ చోట నేల కింద ఒక పాత వాగు పారుతుంది. కడుతుండగా నీళ్లు పైకి ఉబికి పని ఆగిపోయేది. ఎట్టకేలకు 1970 ఆగస్టు 26న ప్రారంభించారు. ఆ వెంటనే కచేరీలకని ఇంగ్లండ్ వెళ్లిన జిమీ మళ్లీ ఆ గడప తొక్కలేదు. సెప్టెంబర్ 18న లండన్‌లో చనిపోయాడు. 27 ఏళ్లు. ఎంతో ఆశపడి కట్టుకున్న స్టూడియోలో ఎంతోకాలం పాడుకోకుండానే పోయిన మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టవుతుంది.

అతను రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) ఆల్బమ్ ఒకటి తయారుచేస్తూ ఉన్నాడు. మిగిలినవి టేపులు, తన చేతిరాతతో ఉన్న పాటల జాబితాలు. టేప్ అంటే మీరు మా ఇంట్లో చూసిన కేసెట్ అనుకునేరు. స్టూడియోల్లో వాడిన 16 ట్రాకుల టేప్ రెండంగుళాల వెడల్పు ఉండేది. రోడ్డు మీద లేన్లు ఉన్నట్టు దాని మీద 16 వరుసలు. ఒకదాంట్లో గొంతు, ఒకదాంట్లో గిటార్, ఇంకోదాంట్లో బేస్ (లోతైన స్వరాల గిటార్), కొన్నింటిలో డ్రమ్స్. ఒక వరుసను చెరిపి కొత్తగా వాయించి నింపితే పక్క వరుస చెక్కుచెదరదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మనిషి లేకపోయినా అతని పాటలోకి వేరేవాళ్లు వచ్చి కూర్చోవచ్చు.

మొదట ఆ పనికి కూర్చున్నది అతనివాళ్లే. రికార్డింగ్ ఇంజనీర్ ఎడీ క్రేమర్, డ్రమ్మర్ మిచ్ మిచెల్. ‘ఏంజెల్’ అనే పాట ఉంది, తల్లి కలలో కనిపించాక జిమీ రాసుకున్నది. దానికి డ్రమ్స్ సరిగా కుదరలేదు. జిమీ పోయి నెల రోజులే అయింది. మిచ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, స్నేహితుడి గొంతు చెవిలో వినిపిస్తుంటే, ఆ పాటకి మళ్లీ డ్రమ్స్ వాయించాడు. చేతులు ఎలా ఆడాయో ఆ మనిషికి! అలా వాళ్లు సిద్ధం చేసిన పాటలు 1971 మార్చిలో ‘ద క్రై ఆఫ్ లవ్’గా వచ్చాయి.

తర్వాత టేపులు చేతులు మారాయి. 1975లో నిర్మాత ఆలన్ డగ్లస్ ‘క్రాష్ లాండింగ్’ తెచ్చాడు. జిమీతో వాయించినవాళ్ల బేస్, డ్రమ్స్ తీసేయించి, జీతానికి వచ్చే వాద్యకారులతో మళ్లీ వాయించి నింపించాడు. కొన్ని పాటలకు సహరచయితగా తన పేరూ వేసుకున్నాడు. ఆ ఆల్బమ్ అమెరికా చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్లింది. వినడానికి ఇంపుగానే ఉంటుంది కూడా. అయినా నేను దాన్ని ఒప్పుకోలేను పిల్లలూ. గిటార్ వాయించేవాడు పక్కనున్న డ్రమ్మర్‌ని వింటూ వాయిస్తాడు. అతను కాస్త వెనక్కి లాగితే తనూ ఆగుతాడు, అతను ఉరికితే తనూ ఉరుకుతాడు. ఆ డ్రమ్మర్‌ని తీసేస్తే, జిమీ ఎవరికి బదులిస్తున్నాడో ఆ మనిషే అక్కడ ఉండడు.

తోటమాలి ఆల్ హెండ్రిక్స్ కోర్టుకెక్కి, 1995లో, 76 ఏళ్ల వయసులో, కొడుకు సంగీతం మీద హక్కుల్ని తిరిగి సాధించుకున్నాడు. అప్పుడు కుటుంబం మళ్లీ ఎడీ క్రేమర్‌నే పిలిపించింది. 1997 ఆల్బమ్ అలా వచ్చింది చిన్నూ. లెక్క చెబుతాను రాసుకో. ‘క్రై ఆఫ్ లవ్’లోని పది పాటలు, ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్‌లు ‘రెయిన్‌బో బ్రిడ్జ్’ నుంచి నాలుగు, ‘వార్ హీరోస్’ నుంచి మూడు. మొత్తం 17. మూడు రికార్డుల్లో చెల్లాచెదురైపోయినవి సుమారు పాతికేళ్లు గడిచాక ఒకచోటికి చేరాయి.

ఒకరు సగంలో వదిలింది ఇంకొకరు పూర్తిచేయడం మనకూ కొత్త కాదు. మన నన్నయగారు అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణించే పద్యం దగ్గర ఆగిపోయారు. సుమారు మూడు శతాబ్దాల తర్వాత ఎర్రన వచ్చి ఆ మిగతా భాగం పూర్తిచేశాడు. ఆయన అందుకున్న మొదటి పద్యంలో తెల్లవారుతుంది, సూర్యుడి ఎర్రటి కాంతి పరుచుకుంటుంది. ముందటి కవి రాసినదాన్ని ఆయన చెరపలేదు. ఆ రాత్రికి తెల్లవారేలా చేశాడు. ఇక్కడిదాకా నన్నయ, ఇక్కణ్నుంచి ఎర్రన అని ఇప్పటికీ వేలుపెట్టి చూపించవచ్చు.

అలాగని 1997 ఆల్బమ్ జిమీ మనసులో ఉన్నదేనని అనుకోకండి. అతను ఒక్కో పాటని పదేపదే మార్చేవాడు. బతికుంటే వీటిలో కొన్నింటిని పక్కన పెట్టేవాడేమో, వరుస మార్చేవాడేమో. పాటలు అతనివి, వరుస మిగిలినవాళ్లది. ఈ మాట గుర్తుంచుకుని వినండి.

వినేటప్పుడు చిట్టచివరి పాట ‘బెల్లీ బటన్ విండో’ దగ్గర మాత్రం హడావిడి పడకండి. స్టూడియో ప్రారంభానికి నాలుగు రోజుల ముందు రికార్డు చేసింది. అందులో డ్రమ్స్ లేవు, బేస్ లేదు. జిమీ ఒక్కడే. కడుపులో ఉన్న బిడ్డ అమ్మ బొడ్డునే కిటికీ చేసుకుని బయటి లోకాన్ని చూస్తూ, నేను రావడం వీళ్లకి ఇష్టమేనా అని ఆలోచిస్తుంటాడు. మీనూ, ఎడమ చెవిలో ఏ గిటార్, కుడి చెవిలో ఏ గిటార్ వస్తోందో విని నాకు రాయి. రెండూ అతనివే. ఈల కూడా వేస్తాడు. ఆ పాటకి తర్వాత ఎవరూ ఏమీ కలపలేదు.

ఇట్లు,
మీ తాతయ్య