ఒక్క బాంబరు వెనక పదకొండు ట్యాంకర్లు

రెండేళ్లకోసారి బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ నుంచి మన తెలుగువాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తుంటారు. సుఖోయ్ యుద్ధవిమానం నిట్టనిలువుగా లేస్తుంటే పిల్లలు అడిగేది వేగం గురించే. నిజానికి అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇది ఎంత తాగుతుంది? పాడైతే ఎక్కడ, ఎన్నాళ్లలో బాగవుతుంది? రెండు పెద్ద దేశాలు ఆకాశంలో తలపడితే, తొలి రోజుల ఊపు తగ్గాక యుద్ధాన్ని నడిపేవి ఈ లెక్కలే.

సుఖోయ్-30 ఎంకేఐలో 9 టన్నులకు పైగా ఇంధనం పడుతుంది. 20 వేల లీటర్ల ట్యాంకర్ లారీ వస్తే రెండు సుఖోయ్‌లు పూర్తిగా నిండవు. పైగా ఇంధనాన్ని గాల్లో మోసుకెళ్లడానికే ఇంధనం ఖర్చవుతుంది. 1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధంలో బ్రిటన్‌కు ఇది బాగా తెలిసొచ్చింది. అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవి నుంచి ఆ దీవులు 6,000 కిలోమీటర్లకు పైనే. ఒక్క వల్కన్ బాంబరును 21 బాంబులతో అక్కడికి పంపడానికి గాల్లోనే ఇంధనం అందించే విక్టర్ ట్యాంకర్ విమానాలు 11 లేచాయి. ట్యాంకర్లు ఒకదానికొకటి ఇంధనం ఇచ్చుకుంటూ, ఇచ్చినవి వెనక్కి తిరిగిపోతూ, చివరికి ఒక్క ట్యాంకరే బాంబరుతో మిగిలింది. ఇంత చేస్తే రన్‌వే మీద పడింది ఒక్క బాంబు.

అంతకు ముందు రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, అమెరికా బీ-29 బాంబర్లు ఖరగ్‌పూర్ ప్రాంతం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని చెంగ్డూకు తమ పెట్రోలు తామే మోసుకున్నాయి. జపాన్ మీద ఒక్క దాడికి సరిపడా నిల్వ చేయాలంటే ఒక్కో విమానం కొండల మీదుగా ఎన్నోసార్లు తిరగాలి. 1945లో ఆ దళాన్ని పసిఫిక్‌లోని మారియానా దీవులకు మార్చేశారు, ఎందుకంటే అక్కడికి ఓడలు వెళ్లగలవు. విమానాలు వారాల తరబడి మోసే సరుకును ఓడ ఒక్క ప్రయాణంలో దించేస్తుంది.

ఈ కథలో బెంగళూరుకు సొంత పాత్ర ఉంది, మనలో చాలామందికి తెలియదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి ఇక్కడ విమానాల ఫ్యాక్టరీ పెట్టారు, ఇవాళ్టి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) అదే. 1943లో దాన్ని అమెరికా సైనిక వాయుదళానికి అప్పగించారు. అది 84వ ఎయిర్ డిపోగా మారి, కొత్త విమానాల తయారీ పక్కన పెట్టి, కాటలీనా వంటి విమానాలకు మరమ్మతులు, ఓవర్‌హాల్ చేసింది. నా దృష్టిలో అది చిన్న పనేం కాదు. బాగుచేసి మళ్లీ ఎగరేసిన ప్రతి విమానమూ యుద్ధానికి కొత్త విమానమే.

ఆ రోజుల్లో పోయినవాటికి బదులు ఫ్యాక్టరీలు వెంటనే కొత్తవి చేసేవి. 1944 ఒక్క ఏడాదిలో అమెరికా 96 వేల దాకా విమానాలు తయారుచేసింది. ఈ కాలపు యుద్ధవిమానంతో అది కుదరదు. జెట్ ఇంజన్‌లోని టర్బైన్ బ్లేడు తన లోహం కరిగే ఉష్ణోగ్రత కన్నా వేడైన వాయువుల్లో తిరగాలి. అందుకే నికెల్ మిశ్రమాన్ని ఒకే స్ఫటికంగా, నెమ్మదిగా పోతపోస్తారు; లోపల చల్లటి గాలి పోయే సన్నని దారులు వదులుతారు. తొందరపెడితే బ్లేడు పనికిరాదు.

హెచ్ఏఎల్ తయారుచేసే తేజస్ యుద్ధవిమానం విషయమే చూడండి. దానికి అమెరికా కంపెనీ జీఈ ఎఫ్404 రకం ఇంజన్లు 65 ఇచ్చేసరికి 2016లో అక్కడ వాటి తయారీ లైన్ ఆగింది. 2021లో మన ప్రభుత్వం 83 తేజస్ విమానాలకు ఆర్డరిచ్చాక దాన్ని మళ్లీ కదిలించాల్సి వచ్చింది: విడిభాగాలు చేసే చిన్న కంపెనీలను తిరిగి కూడగట్టాలి, చేయితిరిగిన పనివాళ్లు కావాలి. కొత్త ఆర్డరులోని తొలి ఇంజన్ అందింది 2025 మార్చిలో. అదీ శాంతికాలంలో, డబ్బూ ఒప్పందమూ సిద్ధంగా ఉండగా. బెంగళూరులో రెండు, నాసిక్‌లో ఒకటి, మొత్తం మూడు లైన్లు కలిసి ఏడాదికి 24 తేజస్‌లు ఇవ్వాలన్నది హెచ్ఏఎల్ లక్ష్యం. యుద్ధం మొదలైన రోజున షెడ్డులో ఎన్ని ఇంజన్లు అదనంగా ఉంటే, చాలా నెలలపాటు మనకున్నవి అవే.